ప్రార్థనలో చెప్పిన మాట

కాంతమణి భర్త లూకాను నిజాం పోలీసులు పట్టుకుపోయింది 1948 మే నెలలో, ఒక శనివారం పొద్దున. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో ఉండే అతను పార్సెల్ గుమస్తా. నిజాం రాజ్యం సరిహద్దు అవతలి నుంచి కాంగ్రెస్ వాళ్ల ఉత్తరాలు పార్సెళ్ల మధ్య పెట్టి తెస్తున్నాడని నేరం మోపారు.

అది నిజమే. ఆ సంగతి బయటికి వచ్చింది కాంతమణి నోటినుంచే. అరెస్టుకు ముందు గురువారం వాళ్లింట్లో స్త్రీల ప్రార్థన కూడిక జరిగింది. క్షయతో వరండాలో మంచం పట్టిన కాంతమణి తన దగ్గు కోసం ప్రార్థించమని ఊరుకోలేదు. ఆయన చేస్తున్న పని చెప్పి, దేవుడు కాపాడాలని అడగమంది. ఆ వారం వచ్చింది ఇద్దరే. సీతాఫల్‌మండిలో పంతులమ్మగా ఉన్న డోరా, వెనక వరసలో ఉండే, రైలు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ భార్య రోసమ్మ.

ఇద్దరిలో ఒకరు చెప్పారు. ఎవరు?

అరెస్టు తర్వాత డోరా రావడం మానేసింది. రోసమ్మ మాత్రం రోజూ పొద్దున్నే మేకపాలు, ఉడికించిన గుడ్డు తెచ్చేది. పోలీసులకూ జబ్బుకూ జడిసి అందరూ తప్పుకుంటే ఈమెకొక్కదానికే ఇంత ప్రేమ ఎందుకని కాంతమణికి అనుమానం. మొదట్లో రోసమ్మ వెళ్లగానే పాలు మొక్కల్లో పారబోసేది. ఒకరోజు కావాలనే, బియ్యం డబ్బా అడుగున ఇంకా కాగితాలున్నాయని ఆమెతో అంది. మూడు రోజులపాటు గేటు చప్పుడైతే చాలు, పోలీసులేమోనని తలెత్తి చూసింది. ఎవరూ రాలేదు.

అయితే డోరాయే. కాంతమణి ఇక ఆగలేదు. చూడవచ్చిన పాస్టరు గారి భార్యతో ఆ మాట అనేసింది. నెల తిరక్కుండానే సంఘమంతా పాకింది. డోరా గుడికి రావడం కూడా మానేసిందని తెలిసి, తప్పు చేసింది కాబట్టే ముఖం చాటేసిందనుకుంది. ఆ రోజు నుంచి పాలు తాగడం మొదలుపెట్టింది.

సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం పాలన పోయింది. పది రోజులకు లూకాను వదిలారు. సగమై తిరిగొచ్చాడు. మర్నాడు రోసమ్మ పాలగిన్నె కింద పెట్టి, నిలబడే చెప్పింది.

"చెల్లె, లూకన్న పేరు చెప్పింది నేనే. పట్టాల బోల్టులు తీసిండని మా ఆయనను ఠాణాల కొట్టిన్రు. ఎవరి పేరన్న చెప్పు, ఇడుస్తమని నాతోని అన్నరు. నువ్వు ప్రార్థనల చెప్పిన మాటే నోట్లకెళ్లి ఎల్లింది."

"మరి పాలెందుకు తెచ్చావు?"

"మొదట్ల భయంతోని తెచ్చిన. నువ్వు సుత పోతే రెండు పాపాలైతయని. ఎన్కెన్క ఎందుకు తెచ్చిన్నో నాకే ఎరుకలేదు."

కాంతమణి ఆమెను పొమ్మంది. ఆ సంగతి లూకాకు చెప్పింది. ఏమంటావని లూకాను అడిగితే, ఆ ఠాణా దెబ్బలు తాను కూడా తిన్నాననీ, అక్కడ ఎవరు ఏ పేరు చెప్పినా తప్పు పట్టలేననీ అన్నాడు. ఆదివారం మంచం మీదే ప్రార్థన చేసుకుంటూ, 'మేము క్షమించినట్టే మమ్మల్నీ క్షమించు' అన్న మాట దగ్గర ఆగిపోయింది. కళ్లముందు రోసమ్మ లేదు. డోరా ఉంది. ఏ పాపం ఎరగని మనిషిని తానే సంఘానికి దూరం చేసింది.

రోసమ్మను పిలిపించింది.

"నేను బతికింది నీ చేతి పాలతోనే అక్కా. దానికి దేవుడికి రోజూ వందనాలు చెప్పుకుంటున్నాను. నిన్ను చూస్తే మాత్రం ఇంకా కోపం వస్తుంది. అయినా రోజూ రా."

మర్నాడు రిక్షాలో లూకాతో సీతాఫల్‌మండి వెళ్లింది. డోరా గడపలోనే నిలబడి, లోపలికి రమ్మనకుండా ఆమె క్షమాపణ విన్నది. తన ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో అప్పుడు ఇంటికి రాలేదనీ, అంతకుమించి ఏ నేరమూ చేయలేదనీ చెప్పింది.

"బడిలో పిల్లల తల్లులు కూడా నన్ను చూసి మాటలు ఆపేసేవాళ్లు, కాంతం. ఇవాళ క్షమించానంటే అబద్ధమాడినట్టవుతుంది."

కాంతమణి తలూపింది. ఆయాసంతో గోడ పట్టుకుంటే, డోరా కుర్చీ తెచ్చి ఎండపడని చోట వేసింది. తర్వాతి ఆదివారం కాంతమణి గుడిలో లేచి, డోరా మీద తాను వేసిన నింద అబద్ధమని అందరిముందూ చెప్పింది. రోసమ్మ పేరు ఎత్తలేదు.

మూడు వారాలు గడిచాక డోరా తనంతట తానే మెట్టుగూడ వచ్చింది. ఆమె పినతల్లి కూతురు ఒక క్షయ ఆసుపత్రిలో నర్సు. అక్కడ ఒక మంచం ఖాళీ అయిందట.

"క్షమించావా అని అడక్కు. బట్టలు సర్దుకో," అంది.

కాంతమణి ఆసుపత్రిలో పద్నాలుగు నెలలు ఉండి, కోలుకుని తిరిగొచ్చింది. అక్కడికి డోరా నెలకో ఉత్తరం రాసింది. క్షమించానన్న మాట ఏ ఉత్తరంలోనూ లేదు. కాంతమణి అన్నిటికీ జవాబు రాసింది.