తొమ్మిదో ప్రశ్న

"ఇంట్లో మీ ఆవిడ రోజుకి ఎన్ని గంటలు పనిచేస్తుందండీ?"

సర్వే ఫారం ముందు పెట్టుకుని, పరాయి మనిషిలా, మొగుణ్ణే అడిగింది ఆమె.

బ్యాంకు ఆఫీసరుగారు పేపరు దించాడు. "ఇంట్లో పనేముంది? బట్టలు మిషను ఉతుకుతుంది, పిండి మిక్సీ రుబ్బుతుంది. రాసుకో, సున్నా."

వరండాలోంచి అత్తగారు అందుకుంది. "నలభై నాలుగేళ్ళొచ్చాక ఈ ఎమ్మే ఏంటమ్మాయ్? ఆసియా గొడవ నీకెందుకు? పాలు పొంగుతున్నాయి చూడు!"

పాలు పొంగి స్టవ్ నిండా కారాయి. తుడిచిందెవరో చెప్పాలా? ఆ సున్నాయే.

'ఆసియా సమాజాలు: నేటి సమస్యలు, చర్చలు' ఆమె చదువుతున్న పేపరు. ఇంటి చాకిరీ పనా, కాదా అని క్లాసులో మూడు వారాలుగా చర్చ. చర్చట! జన్మలో ఒక్క గిన్నె తోమని మొహాలు కాదంటాయి, ఒకే ఒక్క గిన్నె తోమిన మొహాలు అవునంటాయి. పాఠం చెప్పే కుర్ర సారు ఇంకా ఘనుడు. దేశదేశాల ఆడవాళ్ళ చాకిరీ మీద లావుపాటి పుస్తకం రాశాడు. సెమినార్ ముందు రోజు ఈమెని పక్కకి పిలిచి, "మేడమ్, మీకు అలవాటేగా, రేపు టీలవీ కాస్త చూసుకుంటారా?" అన్నాడు. నలభైమంది ఉన్న క్లాసులో టీ అనగానే ఆయనకి ఈమె మొహమే కనపడింది మరి.

"రేపు మాట్లాడేది నేను సార్. టీ మీరు చూసుకోండి."

ఇంటికొస్తే మొగుడిగారి ప్రకటన ఇంకోటి. "రేపు అక్కా వాళ్ళు భోజనానికొస్తున్నారు. నువ్వు ఖాళీయేగా, క్లాసు మానెయ్."

"రేపు నా సెమినార్. మాట్లాడకపోతే ఏడాది పోతుందండీ."

"పోతే పోయింది, వచ్చే ఏడు చదువుకో. కొంపేం మునగదుగా!"

ఖాళీ మనిషి. ఖాళీ మనిషికి ఏడాదేమిటి, పోవడమేమిటి! ఆమె మర్నాడు పొద్దున్నే స్టవ్ వెలిగించకుండా, చెప్పులేసుకుని, ఫారాలు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

సెమినార్ హాల్లో, తను సర్వే చేసిన ముప్ఫై ఇళ్ళ జవాబులు ఒక్కొక్కటే చదివింది. ఆఖరిది, తొమ్మిదో ప్రశ్నకి ఓ బ్యాంకు ఆఫీసరు జవాబు: "ఇంట్లో పనేముంది? సున్నా." పిల్లలు నవ్వారు. అంతలో ఫోను మోగింది. పేరు చూసి, "ఈ జవాబు చెప్పినాయనే" అంటూ స్పీకరు నొక్కింది.

"ఎక్కడ చచ్చావే? అక్కా వాళ్ళు వచ్చి కూర్చున్నారు! ఇంట్లో ఎక్కడి పనక్కడే పడుంది!"

ఆమె ఫారం మీద సున్నాని వేలితో కప్పి, తాపీగా అడిగింది.

"ఏ పనండీ?"