ప్రతిపాదించేవారి సంతకం

విజయలక్ష్మిని ఈ దేశపు పౌరురాలు కానివ్వనిది ఆమె మొగుడు ఈశ్వరరావే. ఇందులో వాదించడానికేమీ లేదు. 2012లో ఆయనా, కూతురు శ్రీజా న్యూజిలాండ్ పౌరసత్వం తీసుకున్నారు. ప్రమాణం చేసినవాళ్ళకి తలా ఒక మొక్క ఇచ్చారు. ఫొటోలు తీసింది విజయలక్ష్మి. ఆ మొక్కలకి నీళ్ళు పోసిందీ ఆమే. "ఇంట్లో ఒక్కరైనా ఇండియా పాస్‌పోర్టు ఉంచుకోవాలే. లేకపోతే అక్కడ పొలం కొననివ్వరు. నీ పేరునే కొందాం, నువ్వే ఆసామివి," అన్నాడు. తణుకు దగ్గర ఎకరంన్నర ఆమె పేరున ఉంది. కాగితాల్లో ఊరి అడ్రసు రాయించాడు. ఆ గట్టు మీద ఆసామి నిలబడింది ఒక్కసారే, వేలిముద్ర వేసొచ్చిన రోజు.

2016 జూలైలో ఒక శనివారం, ఆమె గారెల పిండి రుబ్బుతుండగా ఆశాజ్యోతి వచ్చింది. ఆక్లండ్ శివార్లలో వాళ్ళుండే పాపకూరకి ఆ పిల్ల వచ్చి రెండేళ్ళే అయింది. హైదరాబాదులో పుట్టింది. తాతగారు ఆక్లండ్‌లో చదువుకునే రోజుల్లో వాళ్ళమ్మ ఇక్కడ పుట్టిందట. అందుకని తల్లి పౌరురాలు, ఆ తల్లికి పుట్టినందుకు కూతురూ పౌరురాలే. విమానం దిగకముందే ఈ దేశం ఆమెది.

"ఆంటీ, లోకల్ బోర్డు ఎన్నికలకి నిలబడుతున్నా. ఇద్దరు ఓటర్లు ప్రతిపాదించాలి. మీరు సంతకం పెడతారా?"

"నాకు పౌరసత్వం లేదు కదమ్మా."

"పర్లేదు. రెసిడెంట్లకి ఓటుంది, ప్రతిపాదించొచ్చు. నిలబడటానికే వీల్లేదు."

ఆశాజ్యోతి చేతిలో కరపత్రం ఉంది. మొదటి వాక్యమే వృద్ధాశ్రమం దగ్గర బస్ షెల్టర్. "మీరు చెప్పిన పాయింటే ఆంటీ! బాగా రాశానా?"

బాగానే రాసింది. ఆ వృద్ధాశ్రమంలో పదకొండేళ్ళుగా ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తున్నది విజయలక్ష్మి. ఆ షెల్టర్ కోసం వానలో తడుస్తూ నూట నలభై సంతకాలు పోగుచేసింది విజయలక్ష్మి. నువ్వే నిలబడకూడదా అని అక్కడి ముసలామె ఒకావిడ అంటే, సంబరంగా ఇంటికొచ్చి చెప్పుకుంది. "ముందు నీ ఇంగ్లీషు నిలబడనీ," అని నవ్వాడు ఈశ్వరరావు. ఇప్పుడు ఆయనే సోఫాలోంచి కేకేశాడు. "పెట్టవే, మన తెలుగమ్మాయి! ఆ పిండి చేత్తో కాగితం ముట్టుకోకు, కడుక్కుని రా."

కడుక్కుంది. తుడుచుకుంది. కాగితంలో అభ్యర్థి పేరు దగ్గర ఆశాజ్యోతి అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. వాటి మీద కూడా ఒళ్ళు మండింది.

"నేను పెట్టను."

"ఎందుకాంటీ?"

"కుళ్ళు. నీ మీద కుళ్ళు తల్లీ. నీ తప్పేం లేదు. పొలం కోసం నా పాస్‌పోర్టు మార్చనివ్వలేదు ఈయన. లేకపోతే ఈ కాగితం నాది."

ఆ పిల్ల బిత్తరపోయింది. "పొలానికా? విదేశంలో కాపురం ఉంటే ఇండియా పాస్‌పోర్టున్నా పొలం కొనకూడదాంటీ. మా నాన్న రిజిస్ట్రారాఫీసులోనే చేశారు. అంకుల్‌కి తెలీదా?"

విజయలక్ష్మి మొగుడివైపు చూసింది. ఆయన టీవీ రిమోట్ కోసం వెతుకుతున్నాడు. అది ఆయన ఒళ్ళోనే ఉంది.

"తెలుసా మీకు?"

"ఊళ్ళో అందరూ ఇలాగే కొంటున్నారు," అన్నాడు.

"అందుకా ఊరి అడ్రసు?"

ఆయన టీవీ పెట్టాడు. ఆశాజ్యోతి కాగితం మడుచుకుని వెళ్ళిపోయింది. విజయలక్ష్మి పిండిలో ఉప్పు వేసి కలిపింది. సోమవారం సెలవు పెట్టి పౌరసత్వానికి అప్లై చేస్తానంది. అడగలేదు, చెప్పింది.

"ఇక ఈ సంగతి నా నోట రాదు. నువ్వూ ఎత్తకు," అన్నాడు ఈశ్వరరావు.

మూడేళ్ళకి వాళ్ళ కంచె మీద విజయలక్ష్మి బొమ్మతో ఎన్నికల బోర్డు లేచింది. మేకులు ఆమే కొట్టుకుంది. ఆయన కిటికీలోంచి చూశాడు, మాట్లాడలేదు. ఆమె పోయాక, పౌరసత్వానికి అమ్మ అన్నేళ్ళు ఎందుకు ఆగింది నాన్నా అని శ్రీజ అడిగింది. అప్పుడూ మాట్లాడలేదు. ఇక మాట్లాడడు.