విజయ చెప్పిన వాన

మార్చి సగం కూడా గడవకముందే ఆ ఏడు ఎండలు ముదిరిపోయాయి. నాంపల్లి స్టేషన్ ముందు చెరకు రసం బండ్లు బారులు తీరాయి. అబిడ్స్‌లో మధ్యాహ్నమయ్యేసరికి జనం దుకాణాల నీడ పట్టుకుని గోడలకు ఆనుకుంటూ నడుస్తున్నారు. ఇంకా చలికాలపు దుప్పట్లు మడతపెట్టి పైన పడేయలేదు, ఇంతలోనే కూలర్లు దించుకోవలసి వచ్చిందని ఇల్లాళ్ళు విసుక్కుంటున్నారు.

ఈ సంగతులన్నీ రోజూ చెప్పడమే విజయ ఉద్యోగం. అబిడ్స్‌లో ఒక పాత భవనం పైఅంతస్తులో ఉన్న చిన్న ఎఫ్‌.ఎం. స్టేషన్‌లో పొద్దునా సాయంత్రమూ వాతావరణ విశేషాలు చదువుతుంది. వాతావరణ కేంద్రం వాళ్ళు పంపే బిగుసుకుపోయిన వాక్యాలను ఇంట్లో మనిషి చెప్పినట్టు మార్చి చెప్పడం ఆమెకు బాగా అబ్బింది.

చిక్కల్లా ఆమె ఉండే నాంపల్లి గల్లీతోనే. అక్కడి జనం ఎండావానల గురించి విజయ చెబుతుందనుకోరు, విజయే వాటిని పంపిస్తుందనుకుంటారు. "ఏంది బిడ్డా, నిన్న ముప్పై ఎనిమిది పెట్టినవ్, ఇయ్యాల ఇంకో డిగ్రీ పెంచినవ్. జర తగ్గియ్యరాదు" అంటాడు ఇస్త్రీ బండాయన, బొగ్గుల మీద ఊదుతూ. ఆమె నవ్వి, రేపు చూద్దాంలే అని సాగిపోతుంది.

గురువారం పొద్దున వచ్చిన సమాచారం చదువుతుంటే మాత్రం ఆమెకు నవ్వు రాలేదు. ఎండలు శనివారం దాకా ఇట్లాగే మండుతాయి, ఆదివారం సాయంత్రం ఉరుములు మెరుపులతో గాలిదుమారం లేస్తుంది, అక్కడక్కడ వడగళ్ళు కూడా పడవచ్చు అని ఉంది అందులో. ఆదివారం సాయంత్రమే పక్కింటి వనిత నిశ్చితార్థం. గల్లీలో షామియానా వేసి చేస్తున్నారు. వనితా విజయా ఒకే బడిలో చదువుకున్నారు, ఇప్పటికీ ఒకరి చున్నీ ఒకరు వేసుకుని తిరుగుతారు.

ఇంటికి రాగానే విజయ నేరుగా వనిత తల్లి కొండమ్మ దగ్గరికి వెళ్ళింది. కొండమ్మ వాకిట్లో కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తోంది.

"పెద్దమ్మా, ఆదివారం సాయంత్రం వాన ఉందట. గాలి గూడ గట్టిగ ఉంటదంటున్నరు. షామియానా కాకుండ ఏదన్న హాలు చూస్తే మంచిదేమో."

కొండమ్మ చేతిలోని మిరపకాయ ఆగిపోయింది. మొహమెత్తి ఆకాశం వంక చూసింది. తెల్లగా కాలిపోతున్న ఆకాశంలో గుడ్డపేలికంత మబ్బు కూడా లేదు.

"శుభమా అని పోరి కార్యం పెట్టుకుంటే వాన వాన అని నోరెత్తుతవేందే. నువ్వు అన్నవంటే అది రానే వస్తది."

"నేనంటే రాదు పెద్దమ్మా. వాళ్ళు చెప్పిందే నేను చదువుత."

"చదవకు మరి" అంది కొండమ్మ, మళ్ళీ మిరపకాయల మీదికి వంగుతూ.

ఆ తర్వాత రెండు రోజులు ఆమె విజయతో మాట్లాడలేదు. దానికి బదులన్నట్టు వనిత రెండింతలు మాట్లాడి, "అమ్మకు బుగులు, అంతే. నువ్వు మనసుకు తీస్కోకు" అంది. విజయ తీసుకోలేదని చెప్పింది గాని తీసుకుంది. పుట్టినప్పటి నుంచీ తనకు అన్నం పెట్టిన చేయి అది.

శనివారం సాయంత్రం రేడియో పని ముగించుకుని విజయ నాంపల్లి రైల్వే స్టేషన్ దగ్గర ఉన్న పాత లాడ్జికి వెళ్ళింది. దాని యజమాని వామన్‌రావు. ముత్తాతల నుంచీ హైదరాబాదువాళ్ళు. ఆయన తెల్లజుట్టు మీద రోజూ అత్తరు వాసన ఉంటుంది. విజయ కార్యక్రమం ఒక్కరోజు కూడా తప్పకుండా వింటాడు. అయినా ఎక్కడ కనపడ్డా ఏడిపించకుండా వదలడు.

"ఆవో బేటా, వాన పట్టుకొచ్చినవా" అన్నాడు గల్లా పెట్టె వెనక నుంచి.

"రేపు తెస్త అంకుల్. అందుకే వచ్చిన. మీ కింది భోజనాల హాలు సాయంత్రానికి జర ఖాళీ చేసి పెడ్తరా? మా గల్లీల కార్యముంది. అవసరం పడితే వస్తం, లేకుంటే లేదు."

"వాళ్ళు అడగమన్నరా?"

"లేదు. తెలిస్తే నా మీద లేస్తరు."

వామన్‌రావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "వాన రాకపోతే నేను ఊకె బల్లలు జరిపినట్టయితది గద."

"ఔ అంకుల్. అట్లయితేనే మంచిది."

ఆయన బిగ్గరగా నవ్వి, ఫికర్ చేయకు, హాలు తెరిచే ఉంటదన్నాడు.

ఆదివారం తెల్లవారింది మొదలు ఎండ పేలిపోయింది. మధ్యాహ్నానికి గల్లీలో ఎర్రపసుపు షామియానా లేచింది. వనిత తండ్రి బాలరాజు మెడలో తువ్వాలు వేసుకుని కుర్చీలు వేయిస్తున్నాడు. గల్లీ చివర కట్టెల పొయ్యి మీద బగారన్నం గుమగుమలాడుతోంది. విజయ మాటిమాటికీ ఫోనులో మేఘాల చిత్రం చూస్తోంది. వికారాబాద్ వైపు ఎర్రటి మచ్చ ఒకటి కదులుతోంది గాని అది ఇటు వస్తుందో పక్కకు పోతుందో తేలడం లేదు. పైన మాత్రం ఏమీ లేదు. ఎదురింటి ఆమె కుర్చీలో కూర్చుంటూ, "ఏమాయె విజయా, నీ వాన బస్సు దొరకలేదా" అంది. అందరూ నవ్వారు. కొండమ్మ కూడా నవ్వింది.

అప్పుడు విజయకు ఉక్రోషమొచ్చింది. ఒక్క మబ్బన్నా రారాదా అనుకుంది. అనుకున్న మరుక్షణమే సిగ్గుతో చచ్చిపోయింది. తన మాట నెగ్గడం కోసం వనిత కార్యం తడవాలని కోరుకుంటోందా? మనసులోనే లెంపలేసుకుని, రావద్దు, వస్తే రేపు రా అని మొక్కుకుంది. అబద్ధాలకోరు అనిపించుకోవడమే నయం. లోపలికి పోయి వనిత జడలో మల్లెలు పెట్టడానికి కూర్చుంది.

మల్లెలు సగంలో ఉండగానే గదిలో వెలుగు పోయింది. కిటికీలోంచి చూస్తే ఆకాశం వంకాయ రంగులో ఉంది. గాలి ఒక్కసారిగా గల్లీలోకి దూరి దుమ్మునూ కాగితపు పళ్ళేలనూ ఎగరేసింది. షామియానా గాలి పీల్చుకున్నట్టు పొంగి, ఒక పక్క తాళ్ళు తెంపుకుని గోడ మీద పడింది. జనం కుర్చీలు వదిలి పరుగెత్తారు. బాలరాజు ఒక గుంజను రెండు చేతులా కావలించుకుని నిలబడ్డాడు, దానితో పాటే ఎగిరిపోయేట్టున్నాడు.

విజయ బయటికి పరుగెత్తింది. "పెద్దబాపూ, అది ఇడిసిపెట్టు. వామన్‌రావు సారు లాడ్జిల హాలు తెరిచి పెట్టిండు. అందరం గాడికి పోదాం. ముందు గిన్నెలు ఎత్తిపియ్యి."

బాలరాజు ఆమె మొహంలోకి చూశాడు. "డేగ్చీలు పట్టుండ్రి" అని వంటవాళ్ళను కేకేశాడు. గల్లీ మొత్తం కదిలింది. ఇద్దరు ముగ్గురేసి ఒక్కో గిన్నె మోశారు. ఇస్త్రీ బండాయన బండి మీది బట్టలు ఇంట్లో పడేసి, కోడికూర డేగ్చీని దాని మీద ఎక్కించి తోసుకెళ్ళాడు. వనిత పట్టుచీర మోకాళ్ళ దాకా ఎత్తుకుని, తల మీద ప్లాస్టిక్ కుర్చీ బోర్లించుకుని నవ్వుతూ పరుగెత్తింది. ఆ కుర్చీ మీద వడగళ్ళు టపటపా మోగాయి.

హాలులో అందరూ తలలు తుడుచుకుంటుండగా వనిత ఫోను మోగింది. పెళ్ళికొడుకు శశికిరణ్. వాళ్ళది కాచిగూడ. బండ్లలో బయలుదేరి కోఠి దాకా వచ్చారు. అక్కడ మోకాళ్ళలోతు నీళ్ళు నిలిచాయి, ఒక చెట్టు కొమ్మ విరిగి దారికి అడ్డంగా పడింది, ముందుకూ లేదు, వెనక్కూ లేదు.

"వాళ్ళమ్మ వాపస్ పోదామంటున్నదట" అంది వనిత. ఇంతసేపూ నవ్విన మొహం చిన్నబోయింది. కొండమ్మ ఒక బల్ల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

విజయ ఫోను అందుకుంది. "బావా, నేను విజయను. గాలి జోరు తగ్గింది. ఈ మబ్బు ఇంకో అరగంటల నగరం దాటుతది. మీరు అందాక కార్లల్ల కూసోకుండ్రి. పక్కకే మెడికల్ కాలేజీ మెట్రో స్టేషన్ ఉన్నది. అందరిని ఎక్కియ్యి. ఒక్క స్టేషన్ నడిమిట్ల, దాని తర్వాత నాంపల్లే. మేం గొడుగులు తెస్తం."

అవతల కాసేపు గుసగుసలు. ఆ తర్వాత శశికిరణ్ తల్లి గొంతు: "రైలు ఎక్కుతున్నం, వస్తున్నమని చెప్పు."

వామన్‌రావు లాడ్జిలో అతిథులు మర్చిపోయి పోయిన గొడుగులన్నీ బయటికి తీయించాడు. కొన్నిటికి పుల్లలు విరిగాయి, ఒకటి చిన్నపిల్లలది, దాని మీద బాతుబొమ్మలున్నాయి. వాటితో విజయా బాలరాజూ మరో నలుగురూ మెట్రో మెట్ల కింద నిలబడ్డారు. ముందు పళ్ళేలు దిగాయి. పూలు, పండ్లు, చీర పెట్టిన పళ్ళేలు తలల మీద పెట్టుకుని ఆడవాళ్ళు ఎస్కలేటర్ మీద వరసగా దిగుతుంటే టికెట్ల దగ్గరి జనం దారి ఇచ్చి చప్పట్లు కొట్టారు. వెనక శశికిరణ్ తెల్ల షేర్వాణీలో, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని దిగాడు. అతని తల్లి బాతుబొమ్మల గొడుగు ఏరుకుని, "మా బరాత్ రైల్ల వస్తదని నేను అనుకోలె" అంది సంబరంగా.

ఉంగరాలు మార్చుకునే వేళకు వాన సన్నబడింది. హాలు కిటికీల్లోంచి వచ్చే చల్లటి గాలికి, పదిహేను రోజులుగా చెమటలు కక్కిన జనం ప్రాణం లేచొచ్చినట్టు కూర్చున్నారు. డబల్ కా మీఠాలోకి కాసిని వాననీళ్ళు పడ్డాయని వంటాయన వాపోయాడు. ఎవరికీ తేడా తెలియలేదు, ఇంకా వేయమని అడిగి తిన్నారు.

విజయ ఒక మూలన కూర్చుని తింటుంటే కొండమ్మ గరిటె పట్టుకుని వచ్చి, అడక్కుండానే మరో రెండు కోడిముక్కలు వేసింది. పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, నేను వాన రావద్దనే మొక్కిన" అంది విజయ మెల్లగా. "అంటే, మొదలు జర రావాలనుకున్న. తర్వాత వద్దనుకున్న."

కొండమ్మ ఆమె తడిసిన జుట్టు వెనక్కి తోసింది. "నేను గూడ నిన్ను శాన తిట్టుకున్న లోపల. ఇగ ఇద్దరికీ సరిపాయె. తిను." ఆ వెంటనే గొంతు తగ్గించి అడిగింది. "అయ్యగారు పెండ్లికి మే నెలల ముహూర్తం ఉందంటున్నడు. అప్పుడు ఎట్లుంటదో ఇప్పుడే జర చెప్పు."

"రెండు నెలల ముందు ఎవరు చెప్తరు పెద్దమ్మా? నాలుగైదు రోజుల ముందే తెలుస్తది."

"మరి రేడియోల ఇగ ఏం చెప్తున్నవే" అని కొండమ్మ లేచి, గరిటె ఊపుకుంటూ పెళ్ళికొడుకు వాళ్ళ వరస వైపు నడిచింది.