వంటిల్లు లేని గది

"వంట చేసుకునే వీలుంటే ఖర్చు చాలా కలిసొస్తుంది కదా" అన్నాడు నా భర్త. ఆదివారం పొద్దున. నేను అతని స్కూలు చొక్కాలు వరసగా ఇస్త్రీ చేస్తున్నాను. అతను మంచం మీద బోర్లా పడుకుని నా ఫోన్లో గదుల ఫొటోలు చూస్తున్నాడు. చెడ్డ ఉద్దేశంతో అన్న మాట కాదు. లెక్కల మాస్టారు, ఎక్కడ ఏది తగ్గుతుందో చూడడం అలవాటు. కానీ ఆ మాట దగ్గర నా చేతిలో ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. కాలర్ కాస్త కమిలింది కూడా.

మాకు పెళ్ళయి ఏడు నెలలు. హనీమూన్ రెండుసార్లు వాయిదా పడింది. మొదటిసారి అతని పరీక్ష పేపర్ల వల్ల, రెండోసారి మామయ్య కంటి ఆపరేషన్ వల్ల. మామయ్య ఇప్పుడు పేపర్లో చిన్న అక్షరాలు కూడా చదివేస్తున్నారు కాబట్టి మూడోసారి నేనే పట్టుబట్టాను. నాలుగు రోజులు, పక్క దేశం. విమానం మా వల్ల కాదు. పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి సరిహద్దు. వంతెన నడిచి దాటితే అవతలి దేశం. అక్కణ్ణుంచి ఓ చిన్న రైలెక్కితే సాయంత్రానికి సరస్సు ఒడ్డున ఊరు. ఈ దారి కనిపెట్టింది నేనే. కళ్ళద్దాల దుకాణంలో పని నాది, ఫ్రేముకి తగ్గట్టు అద్దాలు అరగదీసి బిగిస్తాను. మధ్యాహ్నం తిండికిచ్చే అరగంటలో ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో బస్సుల వేళలు, వీసా కాగితాలు, ఏ వారంలో గదులు చవకో, అన్నీ చూశాను. అతని పాస్‌పోర్ట్ ఫొటోలు ఏ సొరుగులో ఉన్నాయో కూడా నాకే తెలుసు. ఎవరైనా అడిగితే అతను గర్వంగా "అంతా తనే చూసుకుంటుంది, నాకేం పని లేదు" అనేవాడు. పొగడ్తే. అది ఎంత బరువో పొగిడేవాళ్ళకి తెలీదు.

సెలవు అడిగినప్పుడు మా ఓనరు "పెళ్ళికి సెలవిచ్చాం, పెళ్ళయినందుకు కూడా ఇవ్వాలా అమ్మా?" అని అందరి ముందూ నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. రెండు ఆదివారాలు వచ్చి పని చేస్తే ఇస్తానన్నాడు. నా భర్త స్కూల్లో మాత్రం హెడ్మాస్టరు భుజం తట్టి "హాయిగా తిరిగి రండి" అన్నాడట. ఆ రెండు ఆదివారాల్లో మొదటిది ఇదే. ఇస్త్రీ అవగానే నేను దుకాణానికి పరుగెత్తాలి.

చేసుకునే వీలుంటే. ఆ మాటనే అటూ ఇటూ తిప్పి చూశాను. మా ఇంట్లో పనులన్నీ ఇలాంటి మాటల్తోనే నడుస్తాయి. బట్టలు ఆరేస్తే బావుండు. నీళ్ళు కాచి ఉంచితే మంచిది. గిన్నెలు కడిగేసుకుంటే ఓ పనైపోతుంది. ఎవరు ఆరెయ్యాలో, ఎవరు కాచాలో ఎవ్వరూ అనరు. ఆ వాక్యాల్లో మనిషి ఉండడు. అయినా ప్రతిసారీ లేచేది నేనో అత్తయ్యో. ఎవరూ చెయ్యమని చెప్పలేదు కాబట్టి చెయ్యనని చెప్పడానికీ ఉండదు. ఇప్పుడు ఆ వాక్యం నాకంటే ముందే సరిహద్దు దాటేసి, సరస్సు ఒడ్డున ఓ గదిలో పొయ్యి పక్కన నిలబడి నా కోసం చూస్తోంది.

"చేసుకుంటే అంటే, ఎవరు?" అని అడిగాను.

అతను తలెత్తాడు. "ఏంటి?"

"వంట. ఎవరు చేసుకుంటే?"

"ఇద్దరం..." అన్నాడు గానీ, ఆ మాట మీద అతనికే నమ్మకం చాల్లేదు. "నాకు రాదనుకో. కూరగాయలు కోసిస్తాను."

"ఎప్పుడు కోశావు కూరగాయలు?"

నవ్వేశాడు. నాకు నవ్వు రాలేదని చూసి ఆపేశాడు. అతనిలో నాకు నచ్చేది అదే. నా మొహం చదవాలని చూస్తాడు, కాస్త ఆలస్యంగానైనా.

గోడ అవతల కూర్చున్న అత్తయ్యకి మా మాటలన్నీ వినిపిస్తాయి. నేను చొక్కాలు మడతపెట్టి అతని వెనకే హాల్లోకి వచ్చేసరికి బీన్స్ తుంచుతూ "ఏంట్రా గొడవ?" అంది కొడుకుని.

"గొడవేం లేదమ్మా. గదిలో వంటిల్లు ఉండాలా వద్దా అని."

మామయ్య పేపరు దించకుండానే, "ఉంటే మంచిదే. వెళ్ళే ముందు ఇక్కడ కూడా నాలుగు రోజులకి ఏమైనా చేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తే సరిపోతుంది. మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా" అన్నారు. నిజంగా అత్తయ్య మీద జాలితోనే అన్నారు.

అత్తయ్య చేతులు ఆగాయి.

"మా పెళ్ళయిన కొత్తలో మీ మామయ్య నన్ను సముద్రం చూపిస్తానని తీసుకెళ్ళారు" అంది, నాతో. "ఐదు రోజులు. హోటల్ దండగ, అన్నయ్య వాళ్ళిల్లు ఉందిగా అన్నారు. అక్కడ మా తోడికోడలికి అప్పుడే కాన్పయింది. వెళ్ళిన పూటే గరిటె నా చేతికొచ్చింది. తొమ్మిది మందికి."

"సముద్రం ఎలా ఉంది అత్తయ్యా?"

"వంటింటి కిటికీలోంచి చప్పుడు వినిపించేది."

"అదేంటి, చివరి రోజు తీసుకెళ్ళాను కదా" అన్నారు మామయ్య.

"చీకటి పడ్డాక తీసుకెళ్ళారు" అంది అత్తయ్య. కోపం లేదు ఆ గొంతులో. ముప్ఫై మూడేళ్ళుగా ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే.

నా భర్త చాలాసేపు వాళ్ళమ్మ వైపే చూశాడు. ఆ కథ అతను ఎన్నోసార్లు విని ఉంటాడు, అమ్మానాన్నలు సముద్రానికి వెళ్ళారన్నంత వరకూ. మిగతా సగం ఈరోజే విన్నాడు. ఫోన్ తీసుకుని ఏదో నొక్కి నాకు చూపించాడు. సరస్సు వైపు చిన్న బాల్కనీ, ఒక మంచం, రెండు కుర్చీలు. పొయ్యి లేదు. "ఇది" అన్నాడు. "ఖర్చు కాస్త ఎక్కువైనా పర్లేదు. బయటే తిందాం."

నేను లోపలికెళ్ళి పాస్‌పోర్ట్‌లు, కాగితాలు ఉన్న ఫైలు తెచ్చి అతని ఒళ్ళో పెట్టాను. "మిగతాదంతా నువ్వు చూడు. నేను అడగను, మళ్ళీ సరిచూడను." చెప్పడం తేలిక. ఆ తర్వాత పది రోజులు నా నాలుకని నేనే పట్టుకుని ఉన్నాను. ఒకసారి బస్సు తప్పు తేదీకి బుక్ చేశాడు. స్కూలు నుంచి తిన్నగా వెళ్ళి రెండు గంటలు వరసలో నిలబడి మార్చుకొచ్చాడు. ఇంటికొచ్చి, "ఇన్ని పనులు నువ్వు తిండి టైములో ఎలా చేశావు?" అన్నాడు. ఏడు నెలల్లో నన్ను అడిగిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది అదే.

ఆ ఆదివారం మాట ఇంకా పూర్తి చెయ్యలేదు. నేను చెప్పులు వేసుకుంటూ, "మామయ్యా, ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళడం నాకు కుదరదండీ" అన్నాను. అత్తయ్య మీద భారం పడుతుందనే నా భయమంతా. సరిగ్గా అప్పుడే అత్తయ్య, బీన్స్ గిన్నె పక్కకి జరిపి, మామూలు మాటలా అంది:

"ఆ నాలుగు రోజులూ నేనూ ఉండను. మా అక్క దగ్గరికి వెళ్తాను."

"మరి నాన్నకి వంట?" అన్నాడు నా భర్త.

మామయ్య పేపరు దించారు. నేను అత్తయ్యని చూశాను, అత్తయ్య నన్ను చూసింది.

సరస్సు ఊళ్ళో రెండో రోజు. బాల్కనీలో కుర్చీలు దగ్గరగా జరుపుకుని కూర్చున్నాం. అతని భుజం మీద నా తల, నీళ్ళ మీద ఎండ. అతని ఫోన్ మోగింది. మామయ్య.

"ఒరేయ్, కోడిగుడ్డు ఎంతసేపు ఉడకాలిరా?"

"అమ్మనడగండి నాన్నా."

"మీ అమ్మా పెద్దమ్మా మార్నింగ్ షోకి వెళ్ళారట. ఫోన్ ఎత్తట్లేదు."

అతను నా వైపు తిరిగాడు. అడగబోయి, ఆగాడు. పెదవులు బిగించి, "నాన్నా, ఉండండి, గడియారం ముందు కూర్చోండి. ఐదు నిమిషాలకో గుడ్డు తీసి పగలగొట్టి చూద్దాం. ఎన్నున్నాయి?" అన్నాడు. అవతల మామయ్య లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఒక తండ్రి, ఒక కొడుకు, రెండు దేశాలు, ఆరు గుడ్లు. నేను నవ్వు ఆపుకోలేక అతని చేతిని గట్టిగా పట్టుకున్నాను.

ఎన్ని నిమిషాలో నాకు తెలుసు. చెప్పలేదు.