నీల్కె మీది ఎండ

పొగగొట్టపు మసితో చేసిన గోధుమరంగు సిరాలో కుంచె ముంచి, చర్చి స్తంభాల వెనుక నీడ పరుస్తున్నాడు లీవెన్. ఆంట్వెర్ప్‌లోని అడ్రియాన్ గారి చిత్రశాలలో అతని పనల్లా ఇదే. గురువు గీతలు గీస్తాడు, లీవెన్ నీడలు వేస్తాడు, చివర్లో తోటి పనివాడు యోస్ వచ్చి బొమ్మలో మనుషులనూ కుక్కలనూ నిలబెడతాడు. లీవెన్ పనిలో వెలుగుకు రంగంటూ లేదు. తాకకుండా వదిలేసిన కాగితమే వెలుగు. అలా వదలడం కోసమే అతని వేళ్ళు వంకర్లు పోయాయి, కళ్ళు మసకబారాయి. బొమ్మ కింద సంతకం మాత్రం ఏనాడూ అతనిది కాదు.

ఇవాళ్టి బొమ్మలోని చర్చి అతనికి బాగా తెలుసు. అక్కడ కుడివైపు కిటికీలోంచి ఎండ పడే బండ కిందే అతని భార్య నీల్కెను పూడ్చారు. పోయిన చలికాలంలో సమాధి అద్దె గడువు తీరిందంటూ ఆమె ఎముకలను గోనెలోకి ఎత్తి, ఆ చోటును పట్టు వర్తకుడు సెగెర్ బోలార్ట్‌కు ఇచ్చేశారు. నిక్షేపంలా బతికున్నవాడికి సమాధి సిద్ధం, చచ్చిపోయినదానికి చోటు లేదు! అందుకే పొద్దుట్నుంచీ ఆ బండ మీద కుంచె కొసైనా తగలనివ్వలేదు. బొమ్మలోనైనా అక్కడ ఎవడూ కాలు పెట్టకూడదు.

మధ్యాహ్నం రొట్టె, ఉప్పుచేప తింటుండగా అడ్రియాన్ వచ్చి తొంగిచూశాడు.

“శభాష్! బోలార్ట్ గారు నిలబడేది సరిగ్గా అక్కడే. తన బండ మీద, ఎండలో వెయ్యమన్నారు.”

“అక్కడొద్దయ్యా. నా పెళ్ళాం పడుకున్న చోటది.”

“పడుకుంది. ఇప్పుడు లేదుగా? ఆ ఎండేమన్నా మీ తాత సొత్తా?”

యోస్ కిసుక్కున నవ్వాడు. “బెంగపడకు మామా. పక్కన ఓ కుక్కను కూడా వేస్తాలే, కాలెత్తుతూ.”

లీవెన్ రొట్టె పక్కన పడేశాడు. గిన్నె అడుగున చిక్కబడ్డ సిరాలో కుంచె ముంచి, ఆ తెల్లటి చోటు మీద ఈ కొస నుంచి ఆ కొసకు ఈడ్చాడు. సిరా తాగిన కాగితం మళ్ళీ తెల్లబడదు. నీల్కె ఎండ పోయింది. పోతే పోయింది, ఆ బోలార్ట్‌గాడికి మాత్రం దక్కదు.

“ఇప్పుడు నిలబెట్టండి మీ పెద్దమనిషిని!”

అడ్రియాన్ ముఖం కందగడ్డలా చేసుకున్నాడు. కాసేపు బొమ్మనే చూసి, ఉన్నట్టుండి నవ్వాడు.

“ఒరేయ్ యోస్, నీ తెల్లరంగు తియ్యి. చీకట్లో అయితే ఆయన ఇంకా బాగా మెరుస్తాడు.”

యోస్ దగ్గర తెల్లరంగు ఉంటుందన్న సంగతే కోపంలో లీవెన్‌కు తట్టలేదు. అతను చూస్తుండగానే ఆ నీడలోంచి కుచ్చుల మెడపట్టీ, బలిసిన ముఖం, పట్టు మేజోళ్ళు ఒక్కొక్కటే తేలాయి. చర్చి మొత్తంలో అంత కాంతి ఇంకెక్కడా లేదు. ఆ మెరుపుకు కావలసిన చీకటి తానే తన చేతులతో పరిచి పెట్టాడు.

బయట వాన పడుతున్నా ఆగకుండా లీవెన్ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. రేపు రమ్మని ఎవరూ అనలేదు, అతనూ మళ్ళీ రాలేదు.

అతను వెళ్ళాక చూస్తే బల్ల మీద రెండుగా విరిచిన కుంచె పడి ఉంది, దాని వెంట్రుకల కొసన సిరా ఇంకా తడిగానే ఉంది.