ముద్దకు పెట్టిన పేరు

మట్టిని బాదే ముందు దానికో పేరు పెట్టాలి. ఆ రేకుల షెడ్డులో తాతగారు పెట్టిన రూలు అది.

నలభై ఏళ్లు ఇటుక బట్టీల దగ్గర, కుండీల ఫ్యాక్టరీలో పనిచేసి, ఇప్పుడాయన ప్రతి శనివారం మధ్యాహ్నం గ్రంథాలయం వెనక షెడ్డులో పెద్దలకూ పిల్లలకూ కలిపి మట్టిపని నేర్పుతున్నాడు. ముద్దలో గాలి మిగిలితే బట్టీలో పగులుతుంది. గాలి పోవాలంటే బల్లకేసి బాదాలి. బాదమంటే జనం పసిబిడ్డను జోకొట్టినట్టు తడుతున్నారు. చూసి చూసి ఆయన అన్నాడు: "మీకు ఒళ్లు మండించే మనిషి ఎవరో ఒకరుంటారుగా. ఆ పేరు దీనికి పెట్టండి. మనసులోనే సుమా, పైకి అనకూడదు. పెట్టి బాదండి."

ఆనాటి నుంచి షెడ్డు దద్దరిల్లుతోంది. బ్యాంకు గుమస్తావిడ చెమటలు కారేదాకా బాది, కళ్లు తుడుచుకుని, "ప్రాణం తేలిగ్గా ఉందండీ" అంది. పోస్ట్‌మాన్ అయితే అర డజను పేర్లున్నట్టు ముద్దను తిప్పి తిప్పి కొట్టేవాడు.

దర్జీ ఆవిడ మాత్రం ఏ పేరూ పెట్టలేదు. పెడితే చెయ్యి ఆగదని ఆమె భయం. ఆమె మొగుడు లారీల మెకానిక్కు. పదేళ్లుగా ఆమెను గొడ్డును బాదినట్టు బాదుతున్నాడు. అంతటిలోనూ ఆమెకు ఒక్కటే ధీమా. అతని చెయ్యి ఇంతవరకు పిల్లమీద పడలేదు. కొట్టబోయే ముందు అతని మాట మందగిస్తుంది. అది వినగానే తొమ్మిదేళ్ల కూతుర్ని గదిలోకి తోసి బయట గడియ పెట్టేది. ఆ తలుపు దాటి ఏదీ లోపలికి పోలేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మీదే పొద్దున్నే లేచి మిషన్ తొక్కేది.

"నాన్నా, జడ మట్టిలో పడుతోంది. వెనక్కి వేసుకో," అంది ఆ శనివారం కూతురితో.

పిల్ల జడ విసిరి, ముద్దను రెండు చేతులా ఎత్తింది.

"ఏం పాపా, నీ ముద్ద పేరేంటి?" అన్నాడు పోస్ట్‌మాన్. అతని నోట్లో నువ్వుగింజ నానదు, ఎదుటివాళ్ల నోట్లోనూ నాననివ్వడు.

"పైకి అనకూడదన్నారుగా."

"పిల్లలకి ఆ రూలు లేదులే. చెప్పు."

పిల్ల ముద్దను బల్లకేసి కొట్టింది. "నాన్న!" అంది. మళ్లీ ఎత్తి కొట్టింది. "నాన్న!"

షెడ్డంతా గొల్లున నవ్వింది. దర్జీ ఆవిడ చటుక్కున గుమ్మం వైపు చూసింది. ఆ వెంటనే మనసులో ఎక్కడో అడుగున చిన్న తీపి తగిలింది. పోనీలే, నా తరఫున ఒక్కరైనా, అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి తల వంచుకుంది.

సోమవారం పోస్ట్‌మాన్ స్కూటరుకు గాలి పెట్టించుకోవడానికి ఆ మెకానిక్కు గ్యారేజీకి పోయాడు. "బాసూ, నీ కూతురు నిన్ను బల్లకేసి ఉతుకుతోందయ్యా! దెబ్బకోసారి నిన్నే తలుచుకుంటోంది!" అన్నాడు.

మెకానిక్కు కూడా నవ్వాడు. ఆ వారమంతా ఇంట్లో చెయ్యెత్తలేదు. మొరిగే కుక్క కరవదంటారు. మొరగని దాని సంగతి ఆమెకు తెలుసు. శనివారం క్లాసు మానేద్దామనుకుంటే అతనే తలుపు తీసి నిలబడ్డాడు. "పొండి, పొండి. పిల్ల విద్య నేర్చుకోవాలి కదా."

మూడున్నరకు షెడ్డుకు వచ్చాడు. చేతిలో లారీ చక్రాలు విప్పే పానా ఉంది, మోచేతి పొడవున.

"ఏడీ నేను?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు.

"ఇక్కడ నన్ను కొడుతున్నారట గదా. మట్టిముద్దనెందుకు, మనిషినే వచ్చాను. కొట్టండి."

పోస్ట్‌మాన్ లేచాడు. "బాసూ, ఏదో సరదాకి అన్న మాట..."

పానా అతని దవడకు తగిలింది. రెండు పళ్లు తడి మట్టిలో పడ్డాయి, గింజలు నాటినట్టు. అతను మూతి పట్టుకుని బల్ల కిందికి దూరాడు. తర్వాతి దెబ్బ కుండల అర మీద పడింది. నెల రోజుల పని అక్కడ వరసగా ఆరుతోంది. కాల్చని కుండ పగిలితే మోగదు, పొడిపొడిగా రాలుతుంది. ఆ దుమ్ములో తాతగారు పోయి పానా పట్టుకోబోయాడు. ముంజేతి మీద పడింది. ఎండుపుల్ల విరిచినట్టు వినబడింది. ఆయన కేక పెట్టలేదు. విరిగిన చేతిని పొట్టకు అదుముకుని, "పిల్లల్ని బయటికి తీసుకుపొండి," అన్నాడంతే.

గుమస్తావిడ దొరికిన పిల్లలనల్లా వెనక తలుపులోంచి తోసింది. ఒక్క పిల్ల మిగిలిపోయింది. దాని జడ తండ్రి పిడికిట్లో ఉంది.

దర్జీ ఆవిడ అడ్డం పోయింది. అతను పానాతో ఆమె రొమ్ము మీద పొడిచాడు. తూలి పక్కనున్న కుమ్మరి సారె మీద పడి నుదురు చిట్లింది. ఒక కంట్లోకి నెత్తురు దిగింది. రెండో కంటితో చూస్తూనే ఉంది.

"చెప్పు. ఎవర్ని కొట్టావే?" జడ మెలిపెట్టాడు. "నాన్ననా?"

"ఊఁ."

"నేను నిన్ను ఒక్క దెబ్బ వేశానా ఎప్పుడైనా?"

"నిన్ను కాదు. నన్ను."

"ఏంటీ?"

"అమ్మ నన్ను నాన్నా అని పిలుస్తుంది గదా. ఆ పేరు పెట్టా. నన్నే కొట్టుకున్నా." పిల్ల ఏడవడం లేదు, పాఠం అప్పజెబుతున్నట్టు చెబుతోంది. "'ఈ పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ నాకు సుఖం లేదు' అని అమ్మని కొట్టేటప్పుడు అంటావుగా. గదిలోకి వినబడుతుంది."

జడ మీద మెకానిక్కు పిడికిలి వదులయింది. ఆ మాట తగిలిందనుకుంది ఆమె. తగిలింది. కానీ అతనికి ఏది తగిలినా చేతికే పోతుంది.

"నాకు కతలు చెబుతావే!" అని పానా చంకలో పెట్టుకుని, పిల్ల చెంప మీద ఎడాపెడా కొట్టాడు. పిల్ల గోడకు గుద్దుకుంది.

బల్ల మీద మట్టి కోసే తీగ ఉంది, రెండు కొసలా కర్రముక్కలు కట్టి. అది ఎప్పుడు చేతికొచ్చిందో దర్జీ ఆవిడకు తెలియదు. వెనక నుంచి అతని తలమీదుగా వేసి, చేతులు మార్చి లాగింది. ఏది ఎంత లాగితే తెగుతుందో, ఎంత లాగితే బిగుస్తుందో ఆ వేళ్లకు తెలుసు. పానా నేలమీద పడింది. అతను వేళ్లతో గొంతు రక్కుకున్నాడు. తీగ అప్పటికే చర్మంలో దిగి కనబడటం లేదు. వెనక్కి ఎగిరి ఆమెను బల్లకేసి కొట్టాడు. పక్కటెముక ఒకటి కలుక్కుమంది. ఆమె అతని వెన్నులో మోకాలు పెట్టి ఇంకా లాగింది. అతని కాళ్లు మట్టిలో కొట్టుకున్నాయి. పెదాలు నల్లబడ్డాయి.

"చాలమ్మా. ప్రాణం పోతుంది," అన్నాడు తాతగారు.

"పోనీండి."

"పిల్లని చూడమ్మా!"

చూసింది. పిల్ల గోడ పక్కన నిలబడి ఉంది. తల్లి తీగ లాగినప్పుడల్లా పిడికిలి బిగించి తన తొడమీద తనే కొట్టుకుంటోంది. లెక్క తప్పకుండా, ఒక్కో గుంజుకు ఒక్కో గుద్దు.

తీగ వదిలేసింది. అతను బస్తాలా పడి, గురగురమంటూ గాలి పీల్చుకున్నాడు. ఆమె అతన్ని దాటుకుని పోయి కూతురి రెండు పిడికిళ్లూ తన చేతుల్లో పట్టుకుంది. అవి లోపల ఇంకా తన్నుకుంటున్నాయి, సంచిలో పడ్డ కోడిపిల్లల్లా. గౌను పక్కకు తొలిగింది. తొడ మీద పాత కమిలిన మచ్చలు, పచ్చబడినవి కొన్ని, నల్లనివి కొన్ని. గడియ పెట్టిన తలుపు లోపల తనను తనే కొట్టుకున్నవి.

గుమస్తావిడ పిలిస్తే ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. మెకానిక్కును ఆస్పత్రికి మోసుకుపోయారు. చిన్న కానిస్టేబులు బేడీలు తీశాడు.

"గొంతు కోసింది నువ్వేనా? చేతులు ఇలా పెట్టు."

"నేనే. చేతులు ఇవ్వలేనయ్యా," అంది ఆమె.

"ఏం, పట్టుకెళ్తామని భయమా?"

"ఎక్కడికైనా వస్తాను. ఇవి వదిలితే పిల్ల కొట్టుకుంటుంది."

పెద్ద కానిస్టేబులు గొంతుక్కూర్చుని పిల్ల తొడ చూశాడు. లేచి, చిన్నవాడి చేతిలోంచి బేడీలు తీసి తన జేబులో వేసుకున్నాడు. మెట్టు దగ్గర ఆమె మోచెయ్యి పట్టి, నాలుగు చేతులూ విడిపోకుండా ఇద్దర్నీ జీపు ఎక్కించాడు.