ఏజెంటు నాగవేణి

గుణదలలో ఆ మూడో అంతస్తు ఫ్లాటు నాగవేణిది కాదు. అయినా పొద్దున్నే వంట అయీ అవకముందే చీపురూ బకెట్టూ ఫినాయిల్ సీసా స్కూటీ మీద వేసుకొచ్చి, గచ్చంతా కడిగి, గడప ముందు ముగ్గేసి, అగరొత్తులు వెలిగించింది. పదింటికి పార్టీ వస్తుంది. కొనేవాళ్ళు అడుగు పెట్టగానే ఇల్లు కళకళలాడాలని ఆమె భర్త ఉమామహేశ్ పట్టుదల. పట్టుదల ఆయనది, చాకిరీ ఈమెది. పటమటలో తనిల్లు ఊడ్చుకుని, మళ్ళీ ఊళ్ళో అమ్మకానికున్న ఇళ్ళన్నీ ఊడ్చే ఆడది విజయవాడ మొత్తానికి తనొక్కతేనేమో అని అప్పుడప్పుడూ నవ్వుకునేది. ఇవాళ నవ్వు రాలేదు. పడగ్గదిలో బాత్రూం వైపు గోడకి మొన్ననే వేయించిన రంగు అప్పుడే పొక్కులు లేచింది. అరచెయ్యి ఆనిస్తే చెమ్మగా తగిలింది.

వెంటనే ఫోన్ చేసి చెప్పింది. "నాకు తెలుసులే," అన్నాడు ఉమామహేశ్. "వాళ్ళు వచ్చినప్పుడు ఆ మూల నువ్వు నిలబడు. వాళ్ళతో వచ్చే పెద్దామె సంగతి కూడా నువ్వే చూసుకో. వంటింట్లోకి తీసుకుపోయి గట్టూ అరలూ చూపిస్తే ఆడవాళ్ళకి ఇంక వేరే ధ్యాసుండదు. అన్నట్టు, ఫ్లాస్కులో కాఫీ తెచ్చావా?"

తెచ్చింది. తేకుండా ఎప్పుడైనా వచ్చిందా పాపం.

నాగవేణి పెడనలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగింది. అక్కడ మగ్గం మీద కూర్చున్నవాడు నేతగాడు. కోడి కూయకముందే లేచి, వంటకీ చంటిపిల్లలకీ మధ్య కండెలు చుట్టి, భుజాలు పడిపోయేదాకా నూలు తోడిన ఆడది మాత్రం నేతగాడి పెళ్ళాం. అమ్మ అలాగే బతికి అలాగే పోయింది. డిగ్రీ చదివి బెజవాడ వస్తే తన బతుకు వేరుగా ఉంటుందనుకుంది నాగవేణి. ఎక్కడికి పోతుంది? ఇక్కడ ఉమామహేశ్ రియల్ ఎస్టేట్ ఆయన, తను ఉమామహేశ్ గారి మిసెస్. ఫోన్లు ఎత్తేది తను, తాళాలు తెచ్చేది తను, పంపు నీళ్ళు ఎప్పుడొస్తాయో, పక్క ఫ్లాటువాళ్ళు ఎలాంటివాళ్ళో కనుక్కునేది తను. బేరం కుదిరిన రోజున సోఫాలో కాలు మీద కాలేసుకుని, "మా ఆవిడకి ఇంట్లో తోచదండీ, ఊరికే నాతో తిరుగుతుంటుంది," అనేది మాత్రం ఆయన. తోచకపోవడమట. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండిపోయేది, చేతిలో కాఫీ ట్రే ఉండేది.

ఇంతలో ఇళ్ళమ్మే ఏజెంట్లంతా రెరా అనే సర్కారు సంస్థలో పేరు నమోదు చేయించుకుని తీరాలన్నారు. ఆ నంబరు లేనివాళ్ళకి బిల్డర్లు తాళాలివ్వడం మానేశారు. ఉమామహేశ్ దరఖాస్తు పెట్టబోతుంటే ఆయన తల్లి చౌడేశ్వరమ్మ ఆగమని, కొడుకుని సిద్ధాంతి గారి దగ్గరికి లాక్కుపోయింది. సిద్ధాంతి గారు పుణ్యాత్ముడు. "నీకు ఏలినాటి శని నడుస్తోంది నాయనా, నీ పేరున ఏదీ మొదలెట్టకు. మీ ఆవిడ పేరుబలం దివ్యంగా ఉంది, కానియ్యి," అన్నాడు. ఆ ఇంట్లో ఇదేం కొత్త కాదు. గ్యాస్ కనెక్షన్ ఆమె పేరునే, స్కూటీ ఆమె పేరునే, ఆయన సిగ్నల్ దాటిపోతే వచ్చే చలానా కూడా ఆమె పేరునే. "నువ్వేం బెంగపడబాక అమ్మాయ్," అంది అత్తగారు. "పేరొక్కటే నీది. పనంతా వాడే చూసుకుంటాడు." ఇన్నేళ్ళూ అచ్చంగా దీనికి తలకిందులుగా జరిగిందని ఆమెకి చెబుదామనుకుని, చెప్పి ఏం లాభంలే అని, నాగవేణి సంతకం పెట్టేసింది.

సర్టిఫికెట్ వచ్చిన రోజు బెండకాయలు తరుగుతోంది. జిగురు చేతులు కడుక్కుని ఫోన్‌లో చూసింది. తన ఫోటో. పక్కన తన పూర్తి పేరు, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఒక్క అక్షరం పోకుండా. ఏజెంటు అని రాసి ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషమే, కాదని ఎవరితో చెప్పాలి? ఆ వెనకే భయం పట్టుకుంది. కిందటేడు రైతుబజార్లో ఒకావిడ చెయ్యి పట్టుకుని ఆపి, "నువ్వే కదమ్మా మాకు ఆ ఇల్లు చూపించావు? ఆడకూతురివి కదా, అబద్ధం చెప్పవనుకున్నా. వానొస్తే గిన్నెలు పెట్టుకుంటున్నాం," అంది. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత నాగవేణి ఆ బజారుకి వెళ్ళడమే మానేసింది. ఇదివరకు అబద్ధం మొగుడిది, ముగ్గు తనది. ఇక నుంచి అబద్ధం కింద కూడా తన పేరే ఉంటుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఉమామహేశ్ కొత్త విజిటింగ్ కార్డులు వేయించుకొచ్చాడు. ఆయన బొమ్మ, ఆయన పేరు, కింద చీమతలకాయంత అక్షరాల్లో ఆమె రెరా నంబరు.

పదింటికి పార్టీ వచ్చింది. బ్లెస్సీ అనే ఆ అమ్మాయి ఆసుపత్రిలో నర్సు, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెంట తల్లి అమలమ్మ. ఇద్దరే ఉంటారట, ఇన్నాళ్ళూ అద్దె ఇళ్ళేనట. ముగ్గు చూసి అమలమ్మ మొహం వికసించింది. ఉమామహేశ్ గాలీ వెలుతురూ, మేరీమాత గుడికి ఎంత దగ్గరో ఏకరువు పెట్టి, ఇటు తిరిగి కనుసైగ చేశాడు. నాగవేణి పడగ్గది మూలకి వెళ్ళి నిలబడింది. చీర వెనక నుంచి వీపుకి చెమ్మ తగులుతోంది.

బ్లెస్సీ సంచీలోంచి ఉమామహేశ్ విజిటింగ్ కార్డు తీసింది. "సార్, రాత్రి ఈ రెరా నంబరు నెట్‌లో కొట్టి చూశానండీ. మేడం గారి ఫోటో వచ్చింది. ఏజెంటు మీరు కాదా?"

"అదంతా పేరుకేనమ్మా," నవ్వాడు ఉమామహేశ్. "లోకంలో అందరూ చేసేదే. ఏదున్నా నన్నడగండి."

"పేరున్నవాళ్ళనే అడుగుతానండీ. ఏదన్నా అయితే పట్టుకునేది వాళ్ళనే కదా." ఆ అమ్మాయి మాటలో కోపం లేదు, అలసటుంది. "మేడం, ఇదొక్కటే కొనగలం మేము. ఇంకోటి కొనే ఓపిక ఈ జన్మకి లేదు. కొనమంటారా?"

ఇన్నేళ్ళలో ఆమెని ఆ మాట అడిగిన మనిషి లేడు. వంటింట్లో గట్టు ఎత్తు అడిగారు, కాఫీలో చక్కెర అడిగారు. కొనమంటారా అని ఎవరూ అడగలేదు. భర్త కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నాడు. నాగవేణి గోడ ముందు నుంచి పక్కకి జరిగింది.

"ఇలా వచ్చి చెయ్యి పెట్టి చూడండి. అవతల బాత్రూం పైపు కారుతోంది. మొన్న పైన రంగేయించాం, లోపలేం చెయ్యలేదు. పైపు మార్పించి, గోడ ఆరి, ఒక వానాకాలం నిలబడితే అప్పుడు చూద్దురుగాని. ఇప్పుడైతే వద్దు."

"మా ఆవిడకేం తెలీదండీ, ఏదో..." అని ఉమామహేశ్ అందుకోబోయాడు. అమలమ్మ అప్పటికే గోడకి చెయ్యి ఆనించింది. అరచేతికి అంటిన తెల్లరంగు చూసుకుని, నాగవేణి వంక చూసి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది. బ్లెస్సీ ఫోన్ తీసి, "మీ సొంత నంబరివ్వండి మేడం," అంది. "మంచిది ఎప్పుడు కనబడితే అప్పుడే చెప్పండి. వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళం."

నాగవేణి నంబరు చెప్పింది. వాళ్ళు మెట్లు దిగుతుంటే కిటికీ దగ్గర నిలబడి చూసింది. రోలంత బరువేదో గుండెల మీద నుంచి దిగిపోయింది. ఇంత తేలిగ్గా ఉంటుందా నిజం చెప్పడం, ఇన్నాళ్ళూ ఎందుకు మోశానురా దేవుడా అనిపించి, నవ్వొచ్చేసింది. రేపు రైతుబజారుకి వెళ్ళగలదు. ఆవిడ కనబడితే తనే ఆగి పలకరించగలదు.

"ఇంకా నవ్వు కూడానా," అన్నాడు ఉమామహేశ్ వెనక నుంచి. మొహం జేవురించింది. "చేతికొచ్చిన బేరం తగలబెట్టావు. నాలుగక్షరాల పేరు పడేసరికి నెత్తికెక్కింది నీకు. ఇవాళే ఆ రిజిస్ట్రేషన్ రద్దు చేయిస్తా. అమ్మ పేరున తీసుకుంటా, ఆవిడైతే నోరుమూసుకుని ఉంటది."

"అత్తయ్య పేరున తీసుకోండి, నేనేం అడ్డురాను," అంది నాగవేణి. "నాది మాత్రం రద్దు కాదండీ. రద్దు చెయ్యమని అడగాలన్నా అందులో సంతకం నాదే ఉండాలి. నేను పెట్టను."